ఏ రాయి?

"రాయి!" అన్నారు మామగారు మళ్ళీ.

కోడలు సంచీలోంచి ఇంకో రాయి తీసి ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన ఎడమ చేత్తో తోసేశారు. అది మంచం కిందకు దొర్లిపోయింది. నర్సు వంగి తీసిచ్చింది. ఇలా వంగడం ఆమెకు ఇవాళ ఏడోసారి.

పక్షవాతం వచ్చి మూడు రోజులైంది. కుడి చెయ్యి పడిపోయింది. మాటలన్నీ పోయి ఈ ఒక్కటే మిగిలింది. నాలుగు గంటలకు మెదడుకు ఆపరేషన్. ఆ తర్వాత ఈ ఒక్క మాటైనా ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఇప్పుడు రెండున్నర. ఆయన అడిగే రాయేదో ఈలోగా తేలాలి. కోడలికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆయన ముప్పై ఏళ్ళు కాలేజీలో రాళ్ళ పాఠం చెప్పిన మనిషి. పుస్తకం తెరిచే అలవాటు లేదు, అంతా నోటిమీదే. రిటైరయ్యాక వినేవాళ్ళు కరువైతే, కూరలు తరుగుతూ కోడలు దొరికింది. పదకొండేళ్ళుగా విని విని ఆమెకు కంఠతా వచ్చేసింది. ఇక ఇంట్లో రాళ్ళకేం తక్కువ? బీరువా నిండా రాళ్ళే, మంచం కింద రాళ్ళే, ఆఖరికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేదీ ఓ అరుదైన రాయే.

మొగుడు నాలుగో సంచీ మోసుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నాన్న అడిగేది నా నెత్తిన వెయ్యడానికేమో కనుక్కో."

"మీకు వేళాకోళంగా ఉందా? అవతల టైమైపోతోంది. ఇంటికెళ్ళి బీరువా కింది అరలోవి కూడా పట్రండి."

అతను గొణుక్కుంటూ మళ్ళీ వెళ్ళాడు. ఆమె సంచీ గుమ్మరించింది.

"ఇదేంటమ్మా, పచ్చగా మెరుస్తోంది?" అంది నర్సు.

"ఆలివిన్. మన కాళ్ళ కింద లోతుకు పోతే ఎక్కువగా ఇదేనట. మొదట్లో సూర్యుడి చుట్టూ ఉత్త దుమ్మేనండీ. దుమ్ముకు దుమ్ము అంటుకుని గులకరాళ్ళయ్యాయి. అవి పోగుపడి కొండలంత అయ్యాయి. ఆ కొండలు గుద్దుకుని గుద్దుకుని గ్రహాలయ్యాయి. ఆ వేడికి అంతా కరిగిపోతే, బరువైన ఇనుము అడుక్కి దిగిపోయింది. దాని మీద ఈ పచ్చది. తేలికైనవి పైకి తేలి, పాల మీద మీగడలా గట్టిపడ్డాయి."

మామగారు కదలకుండా విన్నారు. ఆమె ఆపగానే మంచం అదిరేలా చేత్తో కొట్టారు.

"రాయి! రాయి!"

"ఇదేనా మామయ్యా?" ఆశగా చేతిలో పెట్టింది. తోసేశారు.

నల్లటి బసాల్టు చూపించింది. కాదు. ఆయన ప్రాణంగా చూసుకునే ఉల్క ముక్క చూపించింది.

"ఇందులో ఆవగింజల్లాంటి గుండ్లున్నాయి చూశారా?" అంది నర్సుతో. "భూమి ఇంకా పుట్టకముందువి. గ్రహంలో కలవకుండా మిగిలిపోయిన ముడిసరుకు."

"రాయి!" అన్నారు మామగారు. దాన్నీ తోసేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలికి ఏడుపు ఆగలేదు. ఇంతకాలం కన్నకూతురిలా చూసుకున్న మనిషి ఒక్క రాయి అడిగితే ఇవ్వలేకపోతోంది.

మూడు ముప్పావుకి స్ట్రెచర్ వచ్చింది. మొగుడు ఇంకా రాలేదు.

"మీరే సంతకం పెట్టెయ్యండమ్మా," అంటూ నర్సు కాగితం, పెన్ను అందించింది.

కోడలు చేతిలోని రాళ్ళు పక్కన పెట్టి పెన్ను అందుకుంది. మామగారు స్ట్రెచర్ మీది నుంచి చెయ్యి చాచి, పెన్ను పట్టుకున్న ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు. ఈసారి తోయలేదు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు.

"రాయి," అన్నారు మెల్లగా, బతిమాలుతున్నట్టు.

మూడు రోజులుగా మామగారు రాయి తెమ్మనడం లేదు, నోటిమీదే ఉన్న పాఠాన్ని కోడల్ని రాయమంటున్నారు.