ఇస్త్రీ బల్ల పక్క చదువు

మిల్లులో సంక్షేమాధికారి పదవికి జరిగిన ఇంటర్వ్యూలో మేనేజరు నన్ను క్షేమమనే మాటకు మూలమూ అర్థమూ చెప్పమన్నారు.

నలభై ఎనిమిదో ఏట రాత్రిబడి పట్టా సాధించిన నేను ఆ పట్టానే అటూ ఇటూ తిప్పి చూశాను.

నా గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నా భార్య ఉండబట్టలేకపోయింది.

“ఏమండీ, పొద్దున కూడా వల్లించారుగా! ‘క్షి’ అంటే నివసించడం. లేనిది సంపాదిస్తే యోగం, ఉన్నది కాపాడుకుంటే క్షేమం!”

మేనేజరు పకపకా నవ్వారు. “మీరేం చదివారమ్మా?”

“చదువా, నా మొహమా! ఆయన చదువుతుంటే పక్కన ఇస్త్రీ చేసేదాన్నండీ.”

ఆ ఉద్యోగయోగం నాకు తప్పిపోయింది. అయినా దారి పొడవునా ఇద్దరమూ పొట్టలు పట్టుకుని నవ్వాము.

ఇప్పుడు రాత్రిబడికి ఆమె వెళుతోంది. ఇంట్లో ఆమె పాఠాలు వల్లిస్తుంటే నేను పక్కన ఇస్త్రీ చేస్తున్నాను. పుస్తకం ముట్టకుండానే మూడు పాఠాలు నాకు కంఠతా వచ్చేశాయని సగర్వంగా మనవి చేస్తున్నాను.