పడవ మీద రాసిన పేరు

"ఆ చెక్క ముట్టుకోవద్దు" అన్నాడు మేస్త్రి.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో చేతిలో ఖాళీ గోనెసంచి ఉంది. పొయ్యిలోకి చెక్కపేళ్ళు ఏరుకోవడానికి వచ్చింది కాబోలు.

"ముట్టుకోను నాయనా. తిరగేసి పెట్టావు, అందుకని చూస్తున్నా."

మేస్త్రి చెక్కను మళ్ళీ తిప్పి పెట్టాడు. మేకుల బెజ్జాలు అచ్చంగా కలిశాయి. ముప్పై ఏళ్ళుగా పడవలు చేస్తున్నవాడు. మూతి ముడుచుకున్నాడు గానీ ఆవిడను పొమ్మనలేదు.

షెడ్డులో బాగుచేస్తున్న ఆ తెరచాప పడవ ఊరి లైబ్రేరియన్‌ది. పాతసామాన్లవాడు వంటచెరకు కోసం నరికించబోతుంటే అడ్డుపడి కొనేసింది. తల్లి తప్ప ఇంట్లో అందరూ ఇదేం పిచ్చి అన్నారు.

అరవై ఏళ్ళ కిందట వరదకు ఊరు మునిగితే, ముప్పై ఏడు మందిని ఒడ్డుకు చేర్చింది ఆ పడవే. వాళ్ళలో ఒకరు ఇరవై రోజుల పసిగుడ్డు. ఆ పసిగుడ్డే లైబ్రేరియన్ తల్లి.

బాగుచేసే ముందు పడవ కథ తెలియాలని లైబ్రేరియన్ పట్టుబట్టింది. తెరచాప కట్టే కొయ్య ఎంత ఎత్తు, చాప ఏ రంగు, అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు నడిపింది ఎవరు. ఆ పేరు పడవ మీద రాయించాలి.

సెలవు దొరికినప్పుడల్లా రేవు ఆఫీసుకు పోయి, చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లు తిరగేసేది. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. పేరు దొరకలేదు.

ముసలావిడ రోజూ వచ్చేది. పడవ గురించి ఏమైనా తెలుసా అని లైబ్రేరియన్ ఆవిడనూ అడిగింది. సంచి నింపుకుని, పోతూ పోతూ ఒక మాట చెప్పేది.

కొయ్య అంత నిటారుగా ఉండేది కాదు, కాస్త వెనక్కి వాలి ఉండేది అంది ఒకరోజు. ఈ పడవ ఎడమకు లాగేస్తుంది, కొత్త చుక్కాని బిగించినా ఆ గుణం పోదు అంది ఇంకోరోజు.

మేస్త్రి గొణుక్కుంటూనే కొలతలు మార్చాడు. తన గురువు కూడా ఇన్ని తప్పులు పట్టలేదని లైబ్రేరియన్‌తో చెప్పి నవ్వాడు. తర్వాత్తర్వాత, ఆవిడ వచ్చేదాకా టీ తాగడం మానేశాడు.

మూడో నెలలో, ఒక పాత ఫైలు అట్టకు అతుక్కుపోయిన కాగితం దొరికింది. ప్రాణాలు కాపాడినందుకు పడవ నడిపిన సరంగును మెచ్చుకుంటూ ఇచ్చిన ఉత్తరం నకలు.

లైబ్రేరియన్ షెడ్డుకు పరుగెత్తుకొచ్చి ఆ పేరు గట్టిగా చదివింది.

పేళ్ళు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"మా ఆయన" అంది ముసలావిడ. "పోయి ఇరవై ఏళ్ళయింది."

లైబ్రేరియన్ చేతిలోని కాగితం కిందికి దించింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"నువ్వు పడవ గురించి అడిగావు. తెలిసింది చెప్పాను."

లైబ్రేరియన్ ఆవిడ ముందు కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు కాయలు కాసి గరుగ్గా ఉన్నాయి.

"ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్తున్నాను. ఆ పడవలో ఇరవై రోజుల పిల్ల మా అమ్మ. ఆమె ఉంది, నేనున్నాను, నా పిల్లలున్నారు. అంతా ఆయన దయ."

ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఆ పసిది బతికిందన్నమాట" అంది నెమ్మదిగా.

పేరు రాయించమంటారా అని అడిగితే తల ఊపింది. ఆయనకు తన పేరు ఎక్కడైనా రాసి ఉంటే మహా సంబరమని నవ్వింది.

నీలిరంగుతో రాయించారు. ముసలావిడ వచ్చి, రంగు అంటకుండా అక్షరాల వెంట గాలిలో వేలు నడిపింది. తనకు చదువు రాదని, అయినా రాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు రాలేదు.

మేస్త్రి తనే సంచి నిండా పేళ్ళు నింపి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ నిద్రలోనే పోయిందని, అన్నీ అయిపోయాయని పక్కింటివాళ్ళు చెప్పారు. నింపిన సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ రోజు టీ పెట్టలేదు.

పడవను నీళ్ళలోకి దించే ఉదయం చాలామంది వచ్చారు. లైబ్రేరియన్ తల్లి అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. మేస్త్రి వాల్చినట్టే కొయ్య వెనక్కి వాలి నిలిచింది. చాప గాలి నింపుకుంది.

పేపర్లో వార్త చూసి, దూరపు ఊరి నుంచి ఒక పెద్దాయన కర్ర ఊతంతో వచ్చాడు. ఆ వరదనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. పడవ అంచు నిమురుతూ పేరు దగ్గర ఆగాడు.

"ఈయన పేరు రాశారా?"

"ఈయనే కదండీ ఆ రోజు మిమ్మల్ని ఒడ్డుకు చేర్చింది" అంది లైబ్రేరియన్.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆయన ఒళ్ళు తెలియని జ్వరంతో పడవ అడుగున నా పక్కనే పడుకుని ఉన్నాడమ్మా. లైసెన్సు ఆయనది కాబట్టి, రేవు ఆఫీసువాళ్ళు అడిగితే అందరూ ఆయన పేరే చెప్పారు."

"మరి నడిపింది?"

"ఆయన భార్య. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా చుక్కాని వదల్లేదు, ఆ తల్లి."