బయటివాడి ట్రంపెట్

సెవెరో భార్యను బ్యాండు లేకుండా పూడ్చారు. అది ఆయన మరిచిపోలేదు. ఎవరినీ క్షమించలేదు.

ఆ నగరంలో ఎవరు పోయినా శవం ముందు పెద్ద డ్రమ్ము కట్టుకుని నడిచినవాడు సెవెరో. తుపాను వచ్చిన ఏడు ఇంటి దూలం మీద పడి ఆయన తొడ ఎముక విరిగింది. పక్క ఊరి ఆస్పత్రిలో పడి ఉన్నాడు. ఇక్కడ అదే తుపానులో పోయిన భార్య పురింగ్‌ను మిగతా శవాలతో కలిపి లారీలో వేసుకుపోయారు. బ్యాండువాళ్లు ఒక్కరూ వెళ్లలేదు. ఎవరి చావు వాళ్లకుంది.

కర్ర పట్టుకుని తిరిగొచ్చాక సెవెరో డ్రమ్ము వదిలేశాడు. అందరిచేతా తాతయ్ అనిపించుకునే పెద్దరికం మాత్రం వదల్లేదు. ఆయన ఊఁ అంటేనే బ్యాండు కదిలేది.

ఆ ఉదయం బ్యాండు మాస్టరు క్రిస్పులో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తాతయ్, దోరో పోయాడు."

"ఏ దోరో?"

"రేవు దగ్గర ట్రంపెట్ ఊదేవాడు. అవతలి దీవి, సెబు నుంచి వచ్చినవాడు."

"వాడా! పోనీలే. పడవ దిగేవాళ్ల చెవులు బతికాయి."

"కాసేపట్లో ఎత్తుతారట. వాయిద్దామా అని పిల్లలు అడుగుతున్నారు."

"వాడి తండ్రిని ఎక్కడ పూడ్చారు?"

ఆ ప్రశ్న ఎందుకో క్రిస్పులోకి తెలుసు.

తండ్రో తల్లో ఈ శ్మశానంలో ఉన్నవాడే ఊరివాడు. ఊరివాడి శవం ముందే బ్యాండు నడుస్తుంది. బ్యాండు పుట్టిన దగ్గర్నుంచీ అదే కట్టుబాటు.

"సెబులోనే అయ్యుంటుంది తాతయ్. కానీ ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాడు కదా."

"ఉంటే? మన మాట పలకడం వచ్చిందా వాడికి? తుపానుకి ముందే బ్యాండులో చేర్చుకోమని నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మా శవయాత్ర పాట ముట్టుకోకు, నీ ఊరెళ్లి ఊదుకో అన్నాను. నవ్వుతూ లేచిపోయాడు, సిగ్గులేనివాడు."

"పోయినవాడి మీద పంతమెందుకు తాతయ్?"

"పురింగ్‌కి లేని బ్యాండు దారినపోయేవాడికా? ఎవడు ఊదుతాడో ఊదమను, చూస్తాను."

శవపేటిక బ్యాండు ఇంటి ముందు నుంచే వెళ్లింది. మార్కెట్ కూలీలు మోశారు. వెనక చేపలమ్మే ఆడవాళ్లు కొందరు నడిచారు. బ్యాండు పిల్లలు వాయిద్యాలు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. సెవెరో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

క్లారినెట్ పిల్ల కళ్లు తుడుచుకుంది.

"నీకేమవుతాడే వాడు?" అన్నాడు సెవెరో.

"ఏమీ కాడు తాతయ్."

"మరింకేం. లోపలికి పో."

మధ్యాహ్నం కాటికాపరి తిబుర్సియో వచ్చాడు. చేతుల మట్టి కూడా కడుక్కోలేదు.

"బ్యాండు ఏమైంది?" అన్నాడు వస్తూనే.

"ఎవరికి?"

"దోరోకి! గొయ్యి తవ్వి పొద్దుటినుంచీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. దొంగసొమ్ము తెచ్చినట్టు చప్పుడు లేకుండా తెచ్చి దింపారు. మీకందరికీ ఏం పోయేకాలం?"

"బయటివాళ్లకి మేం వాయించం. నీకు తెలీదా?"

"బయటివాడా! తుపానప్పుడు లారీల్లో వచ్చినవాళ్లకి ఎవరు ఊదారనుకుంటున్నావు?"

"ఎవరూ ఊదలేదు. నా భార్యకే ఊదలేదు."

"బ్యాండు ఊదలేదు. దోరో ఊదాడు."

క్రిస్పులో కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వాడి గుడిసె కొట్టుకుపోతే నా దగ్గరే, సమాధుల మధ్య తలదాచుకున్నాడు" అన్నాడు తిబుర్సియో. "అధికారులు గేటు దాటి ఒక్కరినీ రానివ్వలేదు. అన్ని శవాలకీ మేమిద్దరమే దిక్కు. లారీ వచ్చినప్పుడల్లా లేచి మీ పాటే ఊదాడు. పెదవులు చిట్లి నెత్తురు కారినా ఆపలేదు."

"అబద్ధం" అన్నాడు సెవెరో. "నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. పాట ముట్టుకున్నానని తెలిస్తే తాతయ్ బాధపడతాడన్నాడు. ఇవాళ ఒట్టు తీరిపోయింది, అందుకే వచ్చాను."

సెవెరో కర్రను దగ్గరికి లాక్కున్నాడు.

"మీ ఆవిణ్ణి దింపుతుంటే, పెద్ద డ్రమ్ము తాతయ్ భార్య అని చెప్పాను. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మధ్యమధ్య ఆగిపోతున్నాడు. ఊపిరి చాలట్లేదురా, కూర్చో అన్నాను. కాదన్నాడు. అక్కడ తాతయ్ డ్రమ్ము పడాలి, ఆ చోటు ఆయనదే, నేను ఊదకూడదు అన్నాడు."

తిబుర్సియో వెళ్లిపోయాడు.

క్రిస్పులో కుర్చీ పక్కకి వంగాడు. "తాతయ్, సాయంత్రం అందరం సమాధి దగ్గరికెళ్లి వాయిద్దాం."

"పూడ్చాక ఎవడు వింటాడు?"

"మనకోసమైనా..."

"మనకెందుకు? మనం ఎవరం వాడికి?" సెవెరో కర్ర ఊతంతో లేచాడు. "ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎత్తను."

పోయేదాకా ఎత్తలేదు.