గని నీళ్ళ ఒడ్డున

శుక్రవారం పొద్దున్న ఆరింటికల్లా లేబర్ క్యాంపు గేటు ముందు తెల్ల పికప్ వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు. ఒమానీ ముసలాయన హమూద్ ఎప్పటిలాగే దిగి వచ్చి, ఇస్తారి కోసం ముందు తలుపు తెరిచి నిలబడ్డాడు.

ఆంజికి కడుపు మండింది. తను సోహార్ వచ్చి ఎనిమిది నెలలు. ప్లాంటులో రోజుకు పది గంటలు వెల్డింగ్ చేస్తాడు. ఫోర్‌మన్‌కి ఇప్పటికీ తన పేరు నోరు తిరగదు. అదే రూమ్‌లో పై మంచం మీద పడుకునే ఇస్తారికి మాత్రం ఒక అరబ్బు తలుపు తీసి పట్టుకుంటాడు. ఇస్తారి ఏమైనా పెద్ద మనిషా అంటే అదీ కాదు. హెవీ డ్రైవింగ్ లైసెన్సు చేతిలో పెట్టుకుని స్టోర్‌లో పెట్టెలు సర్దుకునే రకం.

ఈసారి చేపలవేటకి తననూ తీసుకెళ్ళమని ఆంజి వారం రోజులు బతిమాలాడు. ఇస్తారి అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

ఊరు దాటి కొండల్లోకి గంట ప్రయాణం. ఎప్పుడో మూసేసిన రాగి గని అది. తవ్వి వదిలేసిన పెద్ద గుంతలో నీళ్ళు ఊరాయి. చుట్టూ నిట్టనిలువు రాళ్ళు. ఎక్కడా గడ్డిపరక లేదు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. రెండు నిలువుల లోతున రాళ్ళ మధ్య తిరిగే చేపలు కూడా కనిపిస్తున్నాయి. ఎవరు తెచ్చి వదిలారో, అన్నీ జిలేబీ చేపలే.

అంత తేట నీళ్ళలో గాలం వేయడం తేలిక కాదని ఆంజికి అక్కడే తెలిసింది. మనిషి నీడ పడితే చాలు, చేపలన్నీ రాళ్ళ కిందికి దూరిపోతాయి. అంచుకు దూరంగా వంగి కూర్చోవాలి. సన్నని దారం కట్టి, పిండి ముద్దను రాతి పక్కన చప్పుడు కాకుండా దించాలి.

హమూద్ తనకొచ్చిన హిందీలో ఇదంతా చెబుతూ, ఇస్తారి గాలానికి తానే ఎర గుచ్చాడు. ఎండ పడుతోందని తన తలగుడ్డ విప్పి అతని నెత్తికి చుట్టాడు. ఇస్తారి అంచు వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, వెనక్కి రమ్మని కంగారు పడ్డాడు.

ఇస్తారి ముఖంలో మాత్రం సంతోషమన్నది లేదు. డ్యూటీకి వచ్చినవాడిలా ఒక బండరాయి మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఆంజి ఉత్సాహం ఆపుకోలేక ఇస్తారి చేతిలోని గాలం రాడ్డు అందుకోబోయాడు. ముసలాయన చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత నొచ్చుకున్నట్టు నవ్వి, తన రాడ్డు ఆంజికిచ్చేసి, తాను ఊరికే కూర్చున్నాడు.

తొమ్మిదింటికి నాలుగు చేపలు పడ్డాయి. హమూద్ రాళ్ళ మధ్య నిప్పు రాజేసి వాటిని కాల్చాడు. ముళ్ళు ఏరి మెత్తటి ముక్కలన్నీ ఇస్తారి ముందు పెట్టాడు. ఆంజి వాటాకి తోకలు వచ్చాయి.

అప్పుడే ఇస్తారి ఫోన్ మోగింది. ఇంటినుంచి. భార్య గొంతు పక్కవాళ్ళకీ వినిపిస్తోంది. మూడేళ్ళయింది, బిడ్డ నిన్ను ఫోటోలోనే గుర్తుపడుతోంది, కంపెనీ సెలవిస్తానంటున్నా రావేం, అక్కడ నీకు ఇంకెవరున్నారు అని నిలదీస్తోంది.

"మల్ల జేస్త" అని ఇస్తారి ఫోన్ పెట్టేశాడు.

హమూద్‌కి తెలుగు రాదు. అయినా ముళ్ళు ఏరుతున్న వేళ్ళు ఆగిపోయాయి. ఇంటికి పోతున్నావా అని హిందీలో మెల్లగా అడిగాడు.

"నై బాబా" అన్నాడు ఇస్తారి.

ముసలాయన ఊపిరి వదిలాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు దిగాడు.

సందు దొరికింది కదా అని ఆంజి తన మాట బయటపెట్టాడు. తన బావమరిదికి ఒక డ్రైవర్ వీసా ఇప్పించమని ముసలాయన్ని అడగాలి. ఇస్తారి నోటిమాట చాలు.

"ఆయన్ని నేనేం అడగ" అన్నాడు ఇస్తారి.

ఆంజికి రోషం వచ్చింది. "నీకేటన్నా, కొత్తల్లుడికి చేసినట్టు చేస్తన్నాడు. ఆ మర్యాదలు మరిగి పెళ్ళాం పిల్లని ఒగ్గీసి ఈడ కూకున్నావు. పోనీ చేపలంటే ఇష్టమా అంటే అదీ నేదు. మరేటి కావాలని వస్తన్నావు?"

ఇస్తారి ముక్కలు ముట్టలేదు. అవి చల్లారిపోయాయి. నీళ్ళ దగ్గర వంగి ఉన్న ముసలాయన వీపు వైపే చూస్తూ అన్నాడు.

"నా టిప్పర్ కింద పడి సచ్చింది ఆయన కొడుకే తమ్మీ, కోర్టుల నన్ను మాఫ్ చేసిన నాడు ఒక్కటే అడిగిండు, శుక్రవారం శుక్రవారం చేపలకు తనెంబడి వచ్చి వాని జాగల కూసొమ్మని."