పచ్చ తలుపు, వెనక మెట్లు

“పచ్చ తలుపే అన్నా. నా కళ్ళతో నేను చూశాను” అన్నాడు ప్లంబర్ మెట్లెక్కుతూ.

“నిన్న కూడా నీ కళ్ళతోనే చూశావు తమ్ముడూ. తీరా లోపలికెళ్తే చదరంగం క్లాసు. పాలపళ్ళు కూడా ఊడని పిల్ల చేతిలో రెండాటలు ఓడిపోయాను” అన్నాడు వెనకాలే ఆయాసపడుతూ వస్తున్న బస్సు కండక్టర్.

ఒక ముసలావిడ తలుపు తీసింది.

“అమ్మా, తాగుడు మానేవాళ్ళ మీటింగు ఇక్కడేనా?”

ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ప్లంబర్ సంచిలోంచి తొంగిచూస్తున్న రెంచి దగ్గర ఆమె చూపు ఆగింది.

“మీటింగు సంగతి నాకు తెలీదు నాయనా. వంటింట్లో కుళాయి కారుతోంది.”

కుళాయి బాగుచేసి, పనిలో పనిగా బీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపి బయటపడేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

ఈ తిప్పలన్నిటికీ మూలం ప్లంబర్ భార్య. గడియారాల బజారు చివర ఆమెకి చిన్న టైలరింగు షాపుంది. ఒకరోజు పొద్దున్నే, వాకిట్లో బోర్లా పడి నిద్రపోతున్న మొగుణ్ణి లేపి, మంచినీళ్ళిచ్చి, అరవకుండా చెప్పింది.

“తాగుడు మానేవాళ్ళు రోజూ సాయంత్రం ఒకచోట కూర్చుంటారట. ఈ బజారు వెనక సందుల్లోనే, పచ్చ తలుపు. వెళ్తే సరే. లేదంటే నా మిషను తీసుకుని మా అన్నయ్య ఇంటికి పోతాను.”

ఆమె పుట్టింటికి పోతానని చాలాసార్లు అంది. మిషను తీసుకుని పోతాననడం అదే మొదలు. ప్లంబర్ లేచి కూర్చున్నాడు.

“బోర్డుంటుందా?”

“పరువు గలవాళ్ళు కూడా వస్తారట. బోర్డెందుకు పెడతారు?”

అదీ నిజమే అనిపించింది. ఆ సాయంత్రమే సందులు పట్టాడు. ఇంటికి రాగానే ఆమె నోరు తెరిపించి వాసన చూసేది. “దొరకలేదా? పోనీలే, రేపు వెతుకు. వెనక మెట్లుంటాయట” అనేది. దొరకలేదని ఒక్కనాడూ కోప్పడలేదు.

కండక్టర్ అతనికి అలాంటి ఓ పచ్చ తలుపు దగ్గరే తగిలాడు. మా ఆవిడకెవరో చెప్పారట అని అతనూ అదే వెతుకుతున్నాడు. తర్వాత పళ్ళ డాక్టరు కలిశాడు, తెల్లకోటు కూడా విప్పకుండా.

“కోటు మా ఆవిడ కుట్టిందే. ఆ గుండీలు చూడు” అని ప్లంబర్ కండక్టర్‌కి గర్వంగా చూపించాడు. ఆ తర్వాత ఎందుకో కండక్టర్ చొక్కా గుండీలు కూడా పట్టుకుని చూశాడు.

ముగ్గురూ తిరిగి తిరిగి బస్టాపు బెంచీ మీద కూలబడేవాళ్ళు.

“దొరికితే మాత్రం అక్కడ ఏం చెప్పాలో!” అన్నాడు డాక్టరు ఓ రోజు.

“నిజం చెప్పాలట” అన్నాడు కండక్టర్.

“నాకంత అలవాటు లేదే.”

“ఇక్కడ ప్రాక్టీసు చెయ్యండి మరి. అక్కడ తడబడకుండా ఉంటుంది.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “మత్తులో ఒకాయనకి బంగారంలాంటి పన్ను పీకేశాను. పైగా పీకినందుకు ఆయన నాకు థాంక్సు చెప్పాడు.”

“నేనొకసారి బస్సంతా టికెట్లు కొట్టేశాను. తీరా చూస్తే అది మా బస్సు కాదు” అన్నాడు కండక్టర్.

ప్లంబర్ తల దించుకున్నాడు. “మా పాప నాన్నొచ్చాడు అనదు. నాన్న ఎలా వచ్చాడో చూడమ్మా అంటుంది.”

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్ళు లేచేసరికి బారు వైపు వెళ్ళే ఆఖరి బస్సు పోయింది. దాని సంగతి ముగ్గురికీ గుర్తే లేదు.

ఒక సాయంత్రం ప్లంబర్ భార్య షాపులో కొత్తగా వచ్చినావిడకి కొలతలు తీసుకుంటోంది. టేపు నడుము దగ్గరికి వచ్చేసరికి ఆవిడ భోరుమంది. మొగుడు తాగుబోతు.

“ఊరుకో వదినా. ఈ బజారు వెనక సందుల్లో పచ్చ తలుపుంటుంది. బోర్డుండదు. వెతుక్కోమని చెప్పు” అని ఓదార్చి పంపిందో లేదో, గుమ్మంలో కండక్టర్.

“చెల్లెమ్మా, తమ్ముడు ఇవాళ వెతకడానికి రాలేదు. ఇంట్లో ఉన్నాడా?”

“లేడే!”

అదే సమయానికి షాపు వెనక గదిలోంచి గుప్పుమని ఘాటైన వాసన. ఇన్నాళ్ళ పాట్లూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయనుకుంటూ, టేపు మెళ్ళో ఉండగానే పరుగెత్తింది.

గదిలో పీలికల మూటలన్నీ ఓ మూలకి సర్ది ఉన్నాయి. నాలుగు స్టూళ్ళు గుండ్రంగా వేసి ఉన్నాయి. బయట, వెనక మెట్ల మీద, ప్లంబర్ కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ గది వెనక తలుపు సగం పచ్చగా ఉంది.

ఆమె అడక్కముందే నోరు తెరిచి ముందుకు వంగాడు. ఆమె వాసన చూసింది. రంగు వాసన తప్ప ఇంకేం లేదు.

“బాగున్న తలుపుకి ఈ రంగేమిటయ్యా?” అంది.

“నువ్వు చెప్పిందంతా ఇక్కడికి వినపడింది. రేపు ఆవిడ మొగుడు వస్తాడుగా” అని, కుంచె మళ్ళీ డబ్బాలో ముంచుతూ అడిగాడు.

“లేని తలుపుని ఇంకెంతమంది చేత వెతికిస్తావే?”