రెండో మనిషి

"కోటేశ్వరికి కాలు బెణికిందట. రావడం లేదు."

ఫోను పెట్టేసి మాధురి నెట్టు పక్కనే చతికిలబడింది.

నెల రోజులపాటు కాలనీ ఆడవాళ్లంతా కలిసి పార్కు మూలనున్న ముళ్లకంప పీకారు. నేల చదును చేశారు. పిడుగురాళ్ల సున్నంతో గీతలు గీసి రింగ్ టెన్నిస్ కోర్టు తయారుచేశారు.

"ఆదివారం ఒక మ్యాచ్ ఆడి చూపించండమ్మా. లేదంటే అక్కడ బళ్లు పెట్టుకుంటాం," అన్నాడు పార్కు కమిటీ పెద్ద చెంచురామయ్య.

పోటీకి చీరాల నుంచి జెస్సీ, హెలెన్ వచ్చేశారు. ఇద్దరిద్దరు ఆడే ఆట. జోడీ కోటేశ్వరి లేక ఇటు చూస్తే మాధురి ఒక్కతే. "అమ్మో, ఇంతమంది ముందా!" అని మిగతావాళ్లు వెనక్కి తగ్గారు.

చెంచురామయ్య వాచీ చూసుకున్నాడు.

"నేను నిలబడనా అమ్మాయ్?"

బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దావిడ లేచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. నేత చీర, రబ్బరు చెప్పులు.

"ఆట వచ్చాండీ మీకు?"

"ఏదో, కొద్దిగా."

మాధురికి వేరే దారి లేదు.

"మీరు ఊరికే ఆ మూల నిలబడండి చాలు. రింగు సంగతి నేను చూసుకుంటాను."

"మాకేం అభ్యంతరం లేదండీ," అంటూ జెస్సీ, హెలెన్ ముఖముఖాలు చూసుకుని నవ్వారు.

మాధురికి ఒళ్లు మండింది.

పెద్దావిడ చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపింది.

మొదటి రింగే ఆవిడ మీదికి దూసుకొచ్చింది. ఒంటి చేత్తో అందుకుని, అదే ఊపులో విసిరింది. సరిగ్గా వెనక గీత మీద పడింది.

ఉయ్యాలల మీది పిల్లలు దూకి పరుగెత్తుకొచ్చారు.

"మోకాళ్లు వంచు అమ్మాయ్! మూలకెయ్యి! అద్దీ!" అంటోంది పెద్దావిడ.

సగం ఆట అయ్యేసరికి మూల నిలబడి చూస్తున్నది మాధురే.

ఇరవై ఒకటి, పంతొమ్మిది. గెలిచారు!

చెంచురామయ్య కుర్చీ మీంచి లేచి ఈల వేశాడు. "కోర్టు మీదేనమ్మా!"

ఆ కేరింతల్లోంచి బయటపడి మాధురి చుట్టూ చూస్తే పెద్దావిడ లేదు.

"టైమైపోయిందని వెళ్లిపోయిందమ్మా," అన్నాడు వాచ్‌మన్ ఆదాం.

సాయంత్రం మాధురి జెస్సీకి ఫోన్ చేసింది.

"ఆవిణ్ని మీరేమైనా గుర్తుపట్టారా అండీ? పేరన్నా అడగలేదు నేను. మా పార్కులో ఆట నేర్పమని అడుగుదామనీ..."

అవతల నవ్వు.

"ఆట అయ్యేదాకా చెప్పొద్దన్నారండీ. మమ్మల్ని గెలిపించుకుందామని మాతోపాటే రైలెక్కి వచ్చి, మీ కోర్టు పోతుందని మీ పక్కన నిలబడ్డారు మా కోచ్ దేవకుమారి గారు."