తాళం వేసిన నోట్

అప్పలకొండ ఆ పొద్దున కూడా టిఫిన్ డబ్బా తోమి, తుడిచి, గట్టు మీద పెట్టాడు. కూతురు మీనాది పదో తరగతి. బడికి వేళవుతోంది. ఉప్మాలో జీడిపప్పు లేకపోతే మూతి ముడుచుకుంటుంది. జీడిపప్పు ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. వెతుకుతూ వెతుకుతూ బల్ల మీదున్న ఫోను పక్కకి జరిపాడు.

ఫోను మాట్లాడింది.

“నమస్తే అప్పలకొండ గారూ. మీకు మతిమరుపు ఉంది, కంగారు పడకండి. మీ అమ్మాయి మీనా చనిపోయింది. చాలా ఏళ్లయింది. కర్మ మీ చేతుల మీదుగానే జరిగింది.”

డబ్బా కింద పడింది. దాని పక్కనే ఆయనా కూలబడ్డాడు. “నా తల్లే, నా తల్లే” అంటూ గుండెలు బాదుకున్నాడు.

ఆ ఏడుపు పక్కింటి నాగలక్ష్మికి కొత్త కాదు. ఆయనకే కొత్త. నిన్న ఏడ్చిన సంగతి ఆయనకి గుర్తు లేదు. మొన్నటిది అసలే లేదు. చావు కబురు ఎవరైనా ఒక్కసారే వింటారు. అప్పలకొండ రోజూ వింటాడు, రోజూ మొదటిసారే వింటాడు. పగవాడికి కూడా వద్దు ఆ పాట్లు.

శ్రీకాకుళం నుంచి వచ్చి బైలడిల్లా ఇనుప గనిలో యంత్రాలు నడిపిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఆ గని ఊరు బచేలీలోనే, బజారు వెనక రెండు గదులు వేసుకుని అక్కడే ఉండిపోయాడు. భార్య ఎప్పుడో పోయింది. ఈమధ్య బుర్రలోంచి గడిచిన పదీ పదిహేనేళ్లు జారిపోయాయి. అంతకు ముందువి మాత్రం చెక్కుచెదరలేదు. వాటిలో మీనా ఇంకా రెండు జడలు వేసుకుని బడికి పోతూనే ఉంది.

ఆయన్ని చూసుకునే అమ్మాయి వంటింట్లోంచి టీ పట్టుకొచ్చింది. ఆయన ఆమెని నర్సమ్మా అంటాడు. ఆమె ఆయన్ని అంకుల్ అంటుంది. మాత్రలు వేళకిస్తుంది, గోళ్లు తీస్తుంది, చేపలో ముల్లు తీసి అన్నం కలిపి పెడుతుంది. ఫోనులో ఈ ‘యాద్’ అనే నోట్సు యాప్ పెట్టింది కూడా ఆమే.

ఆ యాప్ పాత వెర్షన్‌కి నోరు లేదు. ఏం రాసిపెట్టినా ఆయనే తెరిచి చదువుకోవాలి. కళ్లజోడు కనపడని రోజు చదివేవాడు కాదు. ఆ రోజులు ఆయనకి పండగ. డబ్బా సర్ది, బడి వదిలేదాకా గుమ్మంలో కూర్చునేవాడు. సాయంత్రానికి ఎందుకు కూర్చున్నాడో మర్చిపోయి లోపలికి వచ్చేసేవాడు. ఒకసారైతే నోట్ చదివి, ఒళ్లు మండి, చెరిపేశాడు. కొన్నాళ్లు ఇంట్లో ఏడుపన్నది లేదు.

కొత్త వెర్షన్ అలా కాదు. పొద్దున్నే ఫోను కదిలితే చాలు, నోట్ దానంతటదే చదువుతుంది. చెవికి అలవాటు పడకుండా రోజుకో రకంగా మాట మార్చి చెబుతుంది. తాళం వేసిన నోట్ పాస్‌వర్డ్ లేనిదే చెరగదు. పాస్‌వర్డ్ ఆ అమ్మాయికే తెలుసు.

ఏడుపు విని నాగలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

“రోజూ ఏటమ్మా ఇది? ముసలోడి గుండె ఆగిపోద్ది. ఆ ఒక్క ముక్కా తీసెయ్‌కూడదేటి?”

“ఏదైనా మర్చిపోనీ ఆంటీ. ఇదొక్కటీ మర్చిపోకూడదు.”

“నీ ఇష్టం. నాకైతే సూడ్డానికి మనసొప్పట్లేదు.” నాగలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుని వెళ్లిపోయింది.

అప్పలకొండ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు.

“ఎలా పోయిందమ్మా? జొరమా? బస్సు కింద పడిందా?”

“నోట్‌లో అంతే ఉంది అంకుల్.”

“నువ్వెప్పుడైనా సూసేవా దాన్ని?”

“ఒకే స్కూల్ మాది.”

“ఆకర్న నన్ను పిలిచిందా? నాన్నా అందా?”

ఆమె టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. “చాలాసార్లు పిలిచింది. మీరు పలకలేదు.”

“నానెక్కడికెలిపోయేనమ్మా? డూటీలో ఉండిపోయేనా?”

“ఏమో అంకుల్. టీ చల్లారిపోతోంది.”

ఆయన తాగలేదు. తప్పంతా తనదేనన్నట్టు గ్లాసు పక్కన పెట్టేశాడు. తర్వాత పిల్లాడిలా అడిగాడు.

“దాని పోటో ఉందేటి ఇందులో?”

ఉంది. టెన్త్ పరీక్షకి తీయించినది, పేరుతో సహా. ఆమె తెరిచి ఇచ్చింది. అప్పలకొండ ఆ రెండు జడల్ని వేలితో నిమిరాడు. నిమరడంలో వేలు ఎక్కడో తగిలి కెమెరా తెరుచుకుంది. ఎదుటి మనిషిని పాత ఫోటోలతో పోల్చి చూడటం కూడా కొత్త వెర్షన్‌లో వచ్చిందే. టప్‌మని చప్పుడైంది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. కళ్లజోడు లేక ఆయనకి ఒక్కటీ ఆనలేదు.

“ఏటో అడుగుతున్నట్టుందమ్మా. సదివి నువ్వే నొక్కెయ్.”

ఆమె ఫోను అందుకుంది.

‘ఫోటోలో ఉన్న మీనా, ఎదురుగా ఉన్న ఈమె ఒకరే, మీనా చనిపోయిందన్న నోట్ తీసెయ్యమంటారా?’ అని అడుగుతోంది యాప్. గోండు కుర్రాడు సుక్కాని పెళ్లాడిందని బతికున్న కూతురికి కర్మ చేసి తలుపేసుకున్న తండ్రి కళ్లు ఒక చేత్తో తుడుస్తూ, రెండో చేత్తో మీనా ‘వద్దు’ నొక్కింది.